వాడక తప్పని యాప్‌ని ‘వాడతారా’ అని అడిగితే

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. అంగన్‌వాడీ టీచర్లు తమ పనికి వాడే ఒక యాప్‌ని ఎంతవరకు స్వీకరించారు అన్నది నా అంశం. మనుషులు ఒక టెక్నాలజీని ఎందుకు వాడతారో చెప్పే రెండు మోడళ్లు, టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్ (టామ్), యూటాట్ కలిపి 32 ప్రశ్నలతో గూగుల్ ఫారం తయారుచేశాను. తెలిసిన సూపర్‌వైజర్ల చేత వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించాను. 384 జవాబులు వచ్చాయి. ‘ఈ యాప్‌ని ఇకముందు కూడా వాడాలనుకుంటున్నాను’ అన్నదానికి సగటు 5కి 4.6. క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసిగాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.96. గైడ్ గారు చాలా సంతోషించారు. కానీ మా పిన్ని కూడా అంగన్‌వాడీ టీచరే. రోజూ సాయంత్రం ఆ యాప్‌ని తిట్టుకుంటూ వివరాలు ఎక్కిస్తుంది, పక్కన రిజిస్టరు కూడా రాస్తుంది. ‘నీ ఫారంలో అన్నిటికీ 5 కొట్టానమ్మా’ అని ఆవిడే చెప్పింది. ఇప్పుడు గైడ్ గారు సాఫ్ట్‌వేర్ క్వాలిటీ మీద ఒక చాప్టర్ కావాలంటున్నారు. సాఫ్ట్‌వేర్ నాణ్యతకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌వో 25010లో ఉన్న ఎనిమిది లక్షణాలకు నాలుగేసి ప్రశ్నలు రాసి, ఇదే ఫారంలో కలిపి మళ్లీ పంపమన్నారు. నా డేటా పనికిరాదా? మళ్లీ మొదటికి రావాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మళ్లీ మొదటికి రానక్కర్లేదు, డేటా పారేయనూ అక్కర్లేదు. కానీ ఆ 4.6ని థీసిస్‌లో ‘యాక్సెప్టెన్స్’ అని మాత్రం రాయకండి. పై నుంచి వచ్చిన ఆర్డరుకి కింది నుంచి వెళ్లిన ‘సరే’ అది. దాన్ని అలాగే పిలిస్తే మీ డేటాకి విలువ ఉంటుంది. వేరే పేరు పెడితే వైవా రోజున ఎవరో ఒకరు పట్టుకుంటారు. (మీరు యాప్ పేరు రాశారు గానీ ఇక్కడ తీసేశాను. మీ సమస్యకి ఆ పేరుతో పని లేదు.)

ముందు టామ్ మోడల్ సంగతి చూద్దాం. ఫ్రెడ్ డేవిస్ ఎంఐటీలో పీహెచ్‌డీ కోసం మొదలుపెట్టిన ఈ పని 1989లో ఎంఐఎస్ క్వార్టర్లీ అనే పరిశోధన పత్రికలో అచ్చయింది. టొరంటోలోని ఐబీఎం ల్యాబ్‌లో 112 మందిని ఈమెయిల్, ఫైల్ ఎడిటర్ గురించి అడిగారు. బోస్టన్‌లో 40 మంది ఎంబీఏ విద్యార్థుల్ని గ్రాఫిక్స్ ప్రోగ్రాముల గురించి అడిగారు. తేలింది ఏమిటంటే, పనికొస్తుందనిపిస్తే మనుషులు కాస్త కష్టపడైనా వాడతారు. పనికిరాదనిపిస్తే ఎంత సులువైనా పక్కన పెడతారు. దీనికి మూలం ఫిష్‌బైన్, ఐజెన్‌ల 1975 నాటి సిద్ధాంతం. అది మనిషి తన ఇష్టంతో చేసే పనుల గురించిన సిద్ధాంతం. ఉద్దేశాన్ని కొలిస్తే చేసేదేమిటో తెలుస్తుందని ఎందుకన్నారంటే, చేయడం మానడం ఆ మనిషి చేతిలోనే ఉంది కాబట్టి.

మీ పిన్ని గారి చేతిలో అది లేదు. యాప్‌లో పిల్లల హాజరు పడకపోతే సూపర్‌వైజర్ ఫోన్ చేస్తారు, ఆ సూపర్‌వైజర్‌కి పై అధికారి సీడీపీవో ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. రేపట్నుంచి ఈ యాప్ వాడను అనే దారి ఏ టీచరుకీ లేదు. అలాంటప్పుడు ‘వాడాలనుకుంటున్నారా’ అనే ప్రశ్నకి 5 తప్ప ఏం పెడతారు? నిజానికి నాకు ఆశ్చర్యం వేసింది ఆ మిగిలిన 0.4 గురించే. ఆ 4, 3 పెట్టినవాళ్లెవరో వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోవాలనిపిస్తుంది.

ఇదంతా నా సొంత సిద్ధాంతం కాదు, గైడ్ గారికి చూపించడానికి మీకు కావలసినంత సాహిత్యం ఉంది. 2000లో విశ్వనాథ్ వెంకటేశ్, డేవిస్ కలిసి టామ్‌ని విస్తరించినప్పుడు నాలుగు సంస్థల్ని తీసుకున్నారు. రెండింట్లో వాడకం ఐచ్ఛికం, రెండింట్లో తప్పనిసరి. ‘పైవాళ్లు నేను వాడాలనుకుంటున్నారు’ అన్న ఒత్తిడి నేరుగా ఉద్దేశం మీద పనిచేసింది తప్పనిసరి ఉన్నచోటే. 2003లో వచ్చిన యూటాట్‌లో అయితే ‘ఐచ్ఛికమా కాదా’ అన్నది మోడల్‌లోనే ఒక భాగం. మీ గైడ్ గారు మెచ్చుకున్న మోడలే ఆ మాట అడుగుతోంది. మీ 32 ప్రశ్నల్లో దానికి ఒక్కటైనా ఉందేమో చూడండి. 2002లో సూసన్ బ్రౌన్, ఆమె సహ పరిశోధకులు బ్యాంకు ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం మీకు ఇంకా దగ్గర. అక్కడా సిస్టమ్ తప్పనిసరి. డేవిస్ చెప్పినదానికి తలకిందులుగా, ఉపయోగం కన్నా సులువుకే ఎక్కువ బరువు వచ్చింది. ఆలోచిస్తే సబబే. ఎలాగూ చేయక తప్పనప్పుడు దీనివల్ల లాభమేంటని ఎవరూ అడగరు, ఎంతసేపట్లో తెములుతుందనే చూస్తారు.

యూటాట్ గురించి ఇంకొక్క మాట. అది 70 శాతం వివరిస్తుందని ప్రతి థీసిస్‌లోనూ రాస్తారు. ఆ 70 శాతం ఉద్దేశంలోని హెచ్చుతగ్గుల గురించి. అసలు వాడకం గురించి కాదు.

ఇక మీరు టీచర్లని ప్రశ్నలు అడిగిన పద్ధతి. సూపర్‌వైజర్ ఉన్న వాట్సాప్ గ్రూపులో, సూపర్‌వైజరే పెట్టిన లింకు. అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని కోడల్ని ‘ఇక్కడ సుఖంగా ఉన్నావా అమ్మా’ అని అడిగినట్టుంది. ఫారంలో పేరు అడగలేదని మీరనొచ్చు. కానీ టీచరుకి ఆ సంగతి ఎవరు చెప్పారు? ఫోన్ నంబరు అటు వెళ్తుందో లేదో, ఎవరు ఏం పెట్టారో మేడమ్‌కి తెలుస్తుందో లేదో అన్న అనుమానం చాలు. అనుమానం ఉన్నప్పుడు తెలివైన మనిషి 5 కొడుతుంది.

ఈ విషయం మీద బెంగళూరులో చక్కటి ప్రయోగం ఒకటి జరిగింది. 2012లో నికోలా డెల్, ఇంద్రాణి మేధీ, ఎడ్వర్డ్ కట్రెల్, విలియం థీస్ తదితరులు ప్రచురించారు. 450 ఇంటర్వ్యూలు. విద్యార్థులకి, ఆటో డ్రైవర్లకి రెండు వీడియోలు చూపించి ఏది బాగుందని అడిగారు. వాటిలో ఒకటి తామే తయారుచేసినట్టు అడిగేవాళ్లు చెప్పారు. రెండూ అచ్చం ఒకటే అయినా, అడిగినవాళ్లది అనుకున్నదాన్నే ఇష్టపడే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అడిగేది విదేశీయుడై, మధ్యలో అనువాదకుడు ఉంటే అది ఐదు రెట్లయింది. అడిగినవాళ్లది కళ్లకి కనిపించేంత నాసిగా ఉన్నప్పుడు కూడా మొహమాటం పూర్తిగా పోలేదు. ఆ ఆటోవాళ్లకి అడిగినవాళ్ల వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. అయినా అంత తేడా వచ్చింది. మీ టీచర్లకి లింకు పంపింది వాళ్ల పని తనిఖీ చేసే మనిషి.

కాబట్టి పిన్ని గారు మీకు అబద్ధం చెప్పలేదు, ఫారంలోనూ అబద్ధం చెప్పలేదు. ఫారం ఎవరి చేతి మీదుగా వచ్చిందో వాళ్లకి జవాబు చెప్పారు.

384 అన్న అంకె గురించి కూడా ఒక చిన్న చురక. మన విశ్వవిద్యాలయాల్లో సగం థీసిస్‌లు ఈ అంకె మీదే నిలబడి ఉన్నాయేమో అనిపిస్తుంది. ఇది క్రెజ్‌సీ, మోర్గన్ 1970లో వేసిన పట్టికలోది. జనాభా ఎంత పెద్దదైనా, 5 శాతం లోపు పొరపాటుతో ఒక నిష్పత్తిని అంచనా వేయాలంటే దాదాపు ఇంతమంది చాలు అని అర్థం. అయితే ఎవరిని తీసుకోవాలో చీటీ వేసి తీయాలి. గ్రూపులో పెట్టిన లింకుని ఎవరు నొక్కారో వాళ్లని తీసుకుంటే 384కీ 84కీ ఆ లెక్కలో తేడా లేదు. ఇక ఆల్ఫా 0.96 చూసి మురిసిపోకండి. 0.95 దాటితే రెండిట్లో ఒకటి అనుమానించాలి: ఒకే ప్రశ్నని నాలుగు రకాలుగా తిప్పి అడిగారు, లేదా జనం చదవకుండా ఒకే గడి మీద వేలు పెట్టుకుంటూ పోయారు. కారణాన్ని, ఫలితాన్ని ఒకే మనిషిని, ఒకే విడతలో, ఒకే ఐదు గడుల మీద అడిగినా సంబంధం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇది మీరు ఈ రాత్రే చూసుకోవచ్చు. షీట్ తెరిచి ఒక్కో వరుసలో స్టాండర్డ్ డీవియేషన్ లెక్కవేయండి. సున్నా వచ్చిందంటే ఆ మనిషి అన్నిటికీ ఒకే అంకె కొట్టారన్నమాట. అలాంటి వరుసలు ఎన్ని? తర్వాత టైమ్‌స్టాంపులు చూడండి. సూపర్‌వైజర్ ‘అందరూ ఈరోజే నింపాలి’ అని గుర్తుచేసిన పది నిమిషాల్లో ఎన్ని వచ్చాయి? ఒక్కో గ్రూపుకి సగటు ఎంత, గ్రూపుకీ గ్రూపుకీ తేడా ఉందా? సూపర్‌వైజర్‌ని బట్టి సగటు మారుతుంటే మీరు కొలిచింది యాప్‌ని కాదన్నమాట. ఇవన్నీ దాచుకోవాల్సిన లోపాలని అనుకోకండి. ఇవే మీ మొదటి ఫలితాలు.

దీని మీద ఒక చిన్న ప్రయోగం కట్టమని నా సలహా. మీ 32 ప్రశ్నల్లోంచి ఎనిమిదో పదో తీసుకోండి. కొత్తగా రెండు సీడీపీవో ప్రాజెక్టుల్లో అంగన్‌వాడీ కేంద్రాల జాబితా తీసుకుని, చీటీలు వేసి రెండు భాగాలు చేయండి. ఒక సగానికి ప్రశ్నలు మునుపటిలాగే సూపర్‌వైజర్ ద్వారా వెళ్లనివ్వండి. రెండో సగానికి మీరో, మీ విద్యార్థినో స్వయంగా వెళ్లి, కాగితం ఇచ్చి, నింపాక టీచరే కవరులో పెట్టి డబ్బాలో వేసేలా చేయండి. ఎవరు పంపారని అడిగితే కాలేజీ పేరు చెప్పండి, ఆఫీసు పేరు ఎత్తకండి. ‘ఈ యాప్ మంచిదేనా’ అని కాకుండా ‘ఇద్దరు టీచర్లు రెండు రకాలుగా చెప్తున్నారు, మీకెలా ఉంది’ అని మొదలుపెట్టండి. రెండు సగాల మధ్య సగటు ఎంత మారిందో అదే మీ థీసిస్‌కి వెన్నెముక అవుతుంది. పాత 384 జవాబులూ అప్పుడు చక్కగా ఒక చోట కుదురుకుంటాయి: తనిఖీ నీడలో అడిగితే ఏం చెప్తారు అన్నదానికి సాక్ష్యంగా.

అయితే చెప్పినమాట ఎంత నిజాయితీగా చెప్పినా, చేసే పని వేరు. 1995లో డెట్మార్ స్ట్రాబ్, ఆయన సహచరులు ఒక వాయిస్ మెయిల్ సిస్టమ్ తీసుకుని, ఎంత వాడుతున్నామని ఉద్యోగులు చెప్పిన లెక్కనీ, కంప్యూటర్ నమోదు చేసిన లెక్కనీ పక్కపక్కన పెట్టారు. రెండింటికీ పెద్దగా పొంతన కుదరలేదు. అందుకే మీకు మూడో చాప్టర్‌గా కళ్లతో చూసిన పని కావాలి. పదిహేను, ఇరవై మంది టీచర్లు చాలు. పట్నం, పల్లె, ఏజెన్సీ మూడూ ఉండేలా చూసుకోండి.

చూడటమంటే ఏం చూడాలో ఒక ఉదాహరణ చెప్తాను. బరువులు తీసే రోజు వెళ్లండి. పాప సాల్టర్ స్కేలుకి వేలాడుతోంది, ముల్లు 9.8 దగ్గర ఆగింది. టీచరు ఆ అంకెని ముందు ఎక్కడ రాసింది, ఫోన్‌లోనా, పుస్తకంలోనా, అరచేతి మీదా? ఫోన్‌లో అయితే పాప పేరు ఎన్ని నొక్కులకి దొరికింది? 9.8 బదులు పొరపాటున 98 పడితే యాప్ ఆపిందా, నోరు మూసుకుని తీసుకుందా? సరిగ్గా సేవ్ నొక్కేసరికి సిగ్నల్ పోతే ఆ అంకె ఫోన్‌లో నిలిచిందా, మళ్లీ మొదటినుంచి కొట్టాల్సి వచ్చిందా? ఆ మధ్యలో ఒక తల్లి బాలామృతం కోసం వచ్చి నిలబడితే, తిరిగి వచ్చేసరికి స్క్రీన్ ఉన్నచోటే ఉందా? రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి పొడవు కొలవాలి, ఆపైవాళ్లని నిలబెట్టి ఎత్తు కొలవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఈ రెండు పద్ధతులకీ 0.7 సెంటీమీటర్ల తేడా ఉంది. పాప నిలబడనని మొరాయిస్తే పడుకోబెట్టి కొలిచారనుకోండి, ఆ సంగతి చెప్పడానికి యాప్‌లో చోటుందా? ఇవన్నీ స్టాప్‌వాచ్, నోటుబుక్కు ఉంటే చాలు, రాసుకోవచ్చు. అసలు పనినే చూడండి. ‘ఒక డమ్మీ పాపని ఎక్కించి చూపించండి’ అని మాత్రం అడగకండి, అది నిజం రికార్డుల్లోకి వెళ్లి కూర్చుంటుంది. స్క్రీన్ ఫోటోలూ వద్దు, అందులో తల్లీపిల్లల వివరాలుంటాయి.

సాయంత్రం అడగాల్సిన ప్రశ్నలు వేరు. ‘వాడే ఉద్దేశం ఉందా’ బదులు, ‘నిన్న రిజిస్టరు రాశారా? ఏది ముందు రాశారు? రెండింట్లో లెక్క తేడా వస్తే మేడమ్ ఏది నమ్ముతారు? యాప్ పని ఇంట్లో ఇంకెవరైనా చేసిపెడతారా?’ అని అడగండి. ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. డిగ్రీ చదివే కొడుకో కూతురో రాత్రి కూర్చుని ఎక్కిస్తుంటే, సర్వరు దృష్టిలో ఆ టీచరు నిపుణురాలు.

వీలైతే లాగ్ డేటా (యాప్ సర్వరులో తనంతట తానే నమోదయ్యే వాడకం లెక్క) కోసం శాఖకి దరఖాస్తు పెట్టండి. పేర్లు వద్దు, రోజులో ఏ గంటకి ఎన్ని నమోదులు పడ్డాయన్న మొత్తం లెక్క చాలు. కేంద్రం నడిచే వేళల్లో కాకుండా రాత్రిపూట గుట్టలుగా పడుతుంటే, ఆ యాప్ పనిలో భాగం కాలేదని, పని అయ్యాక మొదలయ్యే రెండో పనిగా ఉందని తెలిసిపోతుంది. ఇవ్వకపోతే ఇంకో దారి ఉంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది. గత కొన్ని రోజుల్లో ఏ యాప్ ఎన్ని నిమిషాలు తెరిచారో అది చూపిస్తుంది. టీచరు ఒప్పుకుంటే ఆ ఒక్క యాప్ అంకె మాత్రం రాసుకోండి. మిగతావి మీకెందుకు.

లాగ్ అంకెల్ని కూడా కళ్లు మూసుకుని నమ్మకండి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి కూలీల హాజరుని మొబైల్ యాప్‌లో, రోజుకి రెండుసార్లు ఫోటో తీసి వేయడం తప్పనిసరి చేశారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది: పనితో సంబంధం లేని ఫోటోలు పెడుతున్నారు, ఫోటోని మళ్లీ ఫోటో తీసి ఎక్కిస్తున్నారు అని. వాడకం లెక్కలో అవన్నీ నిక్షేపంగా పడిన హాజర్లే. వాడారా అన్నది యంత్రం చెప్తుంది, దేనికి వాడారో అక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు క్వాలిటీ చాప్టర్. గైడ్ గారు చెప్పిన పద్ధతి ఇక్కడ నాకు అస్సలు ఒప్పుదల కాదు. ఐఎస్‌వో 25010లో మెయింటెయినబిలిటీ (కోడ్‌ని మార్చడం, బాగుచేయడం ఎంత సులువు), పోర్టబిలిటీ (వేరే రకం పరికరంలోకి ఎంత సులువుగా మారుతుంది) ఉన్నాయి. ‘ఈ యాప్‌ని మార్చడం డెవలపర్లకు సులభమని భావిస్తున్నాను, 1 నుంచి 5’ అని అంగన్‌వాడీ టీచర్ని అడిగితే ఆవిడ ఏం చెప్పాలి? అయినా చెప్తారు, 5 అని. ఇలాంటి చాప్టర్లు చాలా వస్తున్నాయి, అవి పరిశోధన అనిపించుకోవు. సాఫ్ట్‌వేర్ లక్షణాల్ని సాఫ్ట్‌వేర్ దగ్గర కొలవాలి. దానికి సూత్రాలు అదే వరుసలోని 25023 అనే ప్రమాణంలో ఉన్నాయి. వాడేవాళ్ల చేతిలో అది ఎలా నడిచిందన్న కొలతలు 25022లో ఉన్నాయి. రెండూ 2016లో వచ్చినవి. ఇంకో సంగతి, మీరు ఎనిమిది లక్షణాలు అన్నారు. అది 2011 నాటి కూర్పు. 2023లో దాన్ని సవరించి తొమ్మిది చేశారు. సేఫ్టీ కొత్తగా చేరింది, యూజబిలిటీ పేరు ఇంటరాక్షన్ కేపబిలిటీ అయింది, పోర్టబిలిటీ ఫ్లెక్సిబిలిటీ అయింది. వాడకంలో నాణ్యత అన్న భాగాన్ని విడదీసి 25019గా వేరే పెట్టారు. పాతదే వాడుకోండి, తప్పులేదు, కానీ ఏ సంవత్సరంది అన్నది మొదటి పేజీలోనే రాయండి. ఎగ్జామినర్లు ఇలాంటివే వెతుకుతారు.

కోడ్ మీ దగ్గర లేదు కాబట్టి మెకేబ్ 1976లో ఇచ్చిన సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ (కోడ్ ఎన్ని దారులుగా చీలుతుందన్న లెక్క) గురించి పది పేజీలు నింపకండి. కోడ్ లేకుండా మెయింటెయినబిలిటీని కొలవలేమని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి. బయటి నుంచి కొలవగలిగినవి ఎన్నో ఉన్నాయి. టీచర్ల చేతిలో ఉన్నలాంటి ఫోన్ తీసుకోండి, మీ ఖరీదైన ఫోన్ వద్దు. యాప్ తెరుచుకోవడానికి ఎన్ని సెకన్లు? డేటా ఆపేసి ఒక ఎంట్రీ మధ్యలో ఉండగా మూసేస్తే ఏమవుతుంది? అప్‌డేట్ వచ్చిన మర్నాడు ఎంతమంది లాగిన్ ఆగింది? ఫోన్‌లో అక్షరాల సైజు పెంచితే తెలుగు మాటలు బటన్‌లో పడతాయా, సగంలో తెగిపోతాయా? నమోదు చేసిన ఇరవై బరువుల్లో పుస్తకంతో సరిపోయినవెన్ని? మొదటిది పెర్ఫార్మెన్స్, తర్వాతి రెండూ రిలయబిలిటీ, నాలుగోది యూజబిలిటీ, చివరిది వాడకంలో ఎఫెక్టివ్‌నెస్. ఒక్కదానికీ అభిప్రాయం అడగక్కర్లేదు. అయితే లాగిన్ కావలసిన పరీక్షలన్నీ టీచరు పక్కన కూర్చుని, ఆవిడ చేసే అసలు ఎంట్రీల మీదే చేయాలి. ఆవిడ పాస్‌వర్డ్ మీరు తీసుకోకూడదు.

ఎన్నో చోట్ల కొలిచి ఎక్కడా లోతుకి వెళ్లకపోవడం కంటే మూడే మూడు లక్షణాలు తీసుకుని పూర్తిగా చేస్తే మంచిది. నన్నడిగితే రిలయబిలిటీ, యూజబిలిటీ, ఫంక్షనల్ కరెక్ట్‌నెస్ (యాప్ ఇచ్చే ఫలితం సరైనదేనా) తీసుకోమంటాను. పొడవుకీ ఎత్తుకీ ఉన్న తేడాని యాప్ సరిగ్గా లెక్కలోకి తీసుకుందా అన్నది ఈ చివరిదాని కిందికే వస్తుంది.

అభిప్రాయం కూడా ఒకటి కావాలని గైడ్ గారు పట్టుబడితే, సొంతంగా ప్రశ్నలు రాయకుండా సిస్టమ్ యూజబిలిటీ స్కేలు వాడండి. జాన్ బ్రూక్ 1986లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో తయారుచేసినది, పదే ప్రశ్నలు. బేసి సంఖ్య ప్రశ్నలు మెచ్చుకోలు, సరి సంఖ్యవి తెగడ్త. బేసివాటి మార్కులోంచి 1 తీసేయాలి, సరివాటిని 5లోంచి తీసేయాలి, అన్నీ కూడి 2.5తో గుణించాలి. 0 నుంచి 100 మధ్య వస్తుంది. అది శాతం కాదు. అనేక అధ్యయనాలు కలిపి చూస్తే సగటు 68 దగ్గర ఉంటుంది కాబట్టి 60 వస్తే ఫస్ట్ క్లాసని మురిసిపోకూడదు. తెగడ్త ప్రశ్నలు జనాన్ని తికమక పెడతాయని, అన్నీ మెచ్చుకోలుగా మార్చినా స్కోరు దాదాపు అంతే వస్తుందని 2011లో జెఫ్ సారో, జేమ్స్ లూయిస్ చూపించారు. వాళ్ల మాట కాదనను గానీ, మీ విషయంలో ఆ తెగడ్త ప్రశ్నలు ఉంచండి. ‘ఈ యాప్ సులువు’కీ 5, ‘ఈ యాప్ అనవసరంగా గజిబిజిగా ఉంది’కీ 5 పెట్టిన కాగితం చేతికొస్తే ఆ జవాబు ఎలా వచ్చిందో మీకు తెలుస్తుంది. అలా అన్నిటికీ 5 కొట్టినవాళ్ల స్కోరు లెక్కవేసి చూడండి, సరిగ్గా 50 వస్తుంది.

గైడ్ గారితో ఎలా మాట్లాడాలన్నది మీ అసలు టెన్షన్ అనుకుంటాను. ‘సర్, మన డేటా తప్పు’ అని వెళ్లకండి, ఆ మాట వినగానే ఆయన కాపాడుకునే పనిలో పడతారు. ‘సర్, మనకి వచ్చిన 384తో పాటు ఒక చిన్న ప్రయోగం కలిపితే పేపర్ బలపడుతుంది, ఎవరూ మన జిల్లాల్లో చేయలేదనుకుంటా, మీరు చూడండి’ అనండి. చేతిలో మూడు కాగితాలు ఉండాలి: 2000, 2002 పేపర్ల మొదటి పేజీలు, మీ టైమ్‌స్టాంపుల పట్టిక. పట్టిక ఆఖర్న తీయండి. డిసర్టేషన్ శీర్షిక మార్చడానికి కమిటీ ఒప్పుకోకపోతే శీర్షిక అలాగే ఉంచి, మొదటి చాప్టర్‌లో ‘ఈ అధ్యయనంలో వాడకం తప్పనిసరి, కాబట్టి స్వీకారాన్ని ఉద్దేశంతో కాక, పని ఫోన్‌లోకి ఎంత మారింది, పుస్తకంలో ఎంత మిగిలింది అన్నదానితో కొలుస్తాం’ అని నిర్వచించుకోండి. శాఖ అనుమతి, కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి రెండూ ఆ సమావేశానికి ముందే దరఖాస్తు చేసి ఉంచండి, అవి రావడానికే ఎక్కువ కాలం పడుతుంది. పిన్ని గారిని మాత్రం శాంపిల్‌లో కలపకండి. ప్రశ్నల కాగితం తయారయ్యాక ముందుగా ఆవిడ చేత చదివించి, ఎక్కడ నవ్వారో అక్కడ దిద్దుకోండి.